ఫోర్క్‌లిఫ్ట్ బీప్.. బీప్.. ఎవరైనా వింటున్నారా? గోడౌన్లలో ఏ అలారం, ఏ లైట్ పెడితే ప్రాణాలు దక్కుతాయ్?

మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు.. హైదరాబాద్ చుట్టూ ఎటు వెళ్లినా పెద్ద పెద్ద గోడౌన్లే. మనం ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన ఫ్రిజ్ ఇంటికి చేరేలోపు ఎక్కడో ఒకచోట ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి దిగే ఉంటుంది. ఆ బండ్ల మధ్యే హమాలీలు, ప్యాకింగ్ చేసేవాళ్లు, లారీ డ్రైవర్లు రోజంతా నడుస్తుంటారు. వాళ్లను కాపాడాల్సింది ఆ బీప్ శబ్దమే. మరి అది నిజంగా పనిచేస్తోందా?

నడిచేవాళ్లకే ముప్పు

కార్మికుల భద్రతపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్.. 1980 నుంచి 1994 వరకు ఆ దేశంలో ఫోర్క్‌లిఫ్ట్‌ల వల్ల జరిగిన 1,021 మరణాలను పరిశీలించింది. బండి బోల్తా పడి చనిపోయినవాళ్లు 22 శాతం. నడిచి వెళ్తుండగా బండి ఢీకొని చనిపోయినవాళ్లు 20 శాతం. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ బండి ఎక్కినవాళ్లు కూడా కాదు!

లెక్కలు పాతవే. కానీ బండి తీరు పెద్దగా మారలేదు. రెండున్నర టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువే దాదాపు మూడున్నర టన్నులు. ముందు సరుకు ఎత్తుగా ఉంటే డ్రైవర్‌కు దారి కనిపించదు. పైగా స్టీరింగ్‌కు తిరిగేది వెనక చక్రాలు. అందుకే మలుపులో బండి వెనక భాగం విసురుగా పక్కకు వచ్చేస్తుంది.

ఇప్పుడు ఇంకో చిక్కు. డీజిల్ బండ్ల స్థానంలో బ్యాటరీ బండ్లు వస్తున్నాయి. పొగ లేదు, మంచిదే. కానీ ఇంజిన్ మోత కూడా లేదు. వెనకే బండి వస్తున్నా తెలియని పరిస్థితి.

గట్టిగా మోగితే చాలా?

అలారం కొనేటప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న.. ఎన్ని డెసిబెల్స్? ఇక్కడే పొరపాటు జరుగుతోంది. ఒకే షెడ్డులో పది బండ్లు రోజంతా బీప్ అంటుంటే ఏది ఎటు నుంచి వస్తోందో తెలియదు. కొన్నాళ్లకు చెవి ఆ శబ్దాన్ని పట్టించుకోవడమే మానేస్తుంది. చిరాకుతో ఎవరో ఒకరు వైరు పీకేస్తారు. ఇక అలారం ఉన్నా లేనట్టే.

మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటల షిఫ్ట్‌కు శబ్దం పరిమితి 90 డెసిబెల్స్. ఇప్పటికే మోతగా ఉన్న చోట ఇంకా గట్టి అలారం పెడితే చెవులకే ముప్పు. అందుకే రెండు మార్గాలు ఉన్నాయి.

ఒకటి, చుట్టూ ఉన్న శబ్దాన్ని బట్టి తనంతట తానే పెరిగి తగ్గే అలారం. రెండోది, బీప్‌కు బదులు 'ష్.. ష్..' అని వినిపించే వైట్ నాయిస్ అలారం. ఇది ఎటు నుంచి వస్తోందో చెవి ఇట్టే పసిగడుతుంది. దూరం వెళ్లేకొద్దీ తొందరగా తగ్గిపోతుంది కాబట్టి పక్క షెడ్డువాళ్లకు గోల ఉండదు.

ఏ లైట్ ఎక్కడ?

* బ్లూ స్పాట్: బండికి కొన్ని మీటర్ల ముందో, వెనకో నేల మీద నీలం చుక్క పడుతుంది. ర్యాక్ చాటు నుంచి బండి రాకముందే చుక్క కనిపిస్తుంది. మూల మలుపులకు ఇదే బెస్ట్.
* రెడ్ లైన్: బండి పక్కన నేల మీద ఎర్ర గీత. 'ఇది దాటి రావొద్దు' అని అర్థం. వెనక భాగం విసిరే చోట కాళ్లను కాపాడేది ఇదే.
* తిరిగే పసుపు లైట్: ఆరుబయట యార్డుల్లో దూరం నుంచే కనిపిస్తుంది.

అయితే ఎండ పడే లోడింగ్ డాక్ దగ్గర నేల మీది నీలం చుక్క వెలిసిపోతుంది. అక్కడ శబ్దమే దిక్కు. మిషన్ల మోత ఉన్న చోట, చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకునే చోట లైటే దిక్కు. అన్నిచోట్లా అన్నీ పెట్టేస్తే మాత్రం బీప్‌కు పట్టిన గతే లైట్లకూ పడుతుంది.

కొనేముందు ఎవర్ని అడగాలి?

క్యాటలాగ్ కంటే ముందు హమాలీలను అడగాలి. ఎక్కడ బండి కనిపించదు, ఎక్కడ తృటిలో తప్పించుకున్నారు.. వాళ్లకే తెలుసు. మంచి రద్దీ టైమ్‌లో ఆ మలుపు దగ్గర నిలబడి చూస్తే ఏది వినిపిస్తోందో, ఏది కనిపిస్తోందో తేలిపోతుంది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లకూ ఆ ఎర్ర గీత అర్థమేంటో పనిలో చేరిన మొదటి రోజే వాళ్ల భాషలో చెప్పాలి.

ఇంకో విషయం. అమెరికాలో గోడౌన్లు, ఫ్యాక్టరీలకు వర్తించే ఓషా రూల్.. ప్రతి ఫోర్క్‌లిఫ్ట్‌కూ రివర్స్ అలారం ఉండాల్సిందే అనడం లేదు. కానీ అడ్డదారులు కలిసే చోట, దారి కనిపించని చోట స్పీడ్ తగ్గించి హారన్ కొట్టాల్సిందే అంటోంది. అంటే బాధ్యత ముందు డ్రైవర్‌ది, అతన్ని పరుగులు పెట్టించే యాజమాన్యానిది.

అలారం హెచ్చరిస్తుంది.. బండిని ఆపదు. మనుషులు నడిచే దారికి, బండి తిరిగే దారికి మధ్య రెయిలింగ్ వేసిన తర్వాతే లైట్ల లెక్క. అది లేకుండా ఎన్ని రంగుల లైట్లు పెట్టినా.. నడిచే మనిషి ప్రాణం గాల్లో దీపమే.