విశాఖ తీరంలో ఒక బాంబు, ఒక రైలు దారి



వేసవి సెలవులు వచ్చాయంటే మన కర్నూలు, కడప ప్రాంతపు పిల్లలు అడిగే మాట ఒకటి ఉంది: "మాకు సముద్రం చూపించండి." పెన్నలోనైనా, హంద్రీలోనైనా ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే చూస్తాము. కె.సి. కాలువకు నీళ్లు వదిలిన రోజు మనకు పండుగ. అటువంటి ఇళ్లలో పెరిగే పిల్లలకు ఒడ్డు కనిపించని నీళ్లు చూడాలని ఉండదా?

వీలున్నవారు ఈసారి పిల్లలను విశాఖపట్నం తీసుకొని వెళ్లండి. అక్కడ సముద్రంతో పాటు రెండు వస్తువులు తప్పక చూపించండి. ఒకటి మ్యూజియంలో ఉన్న జపాను బాంబు. రెండవది జపానుకు ఇనుప రాయి పంపడం కొరకు కొండల మధ్య వేసిన రైలు మార్గం. ఒకే ఊరిలో ఈ రెండూ ఎలా వచ్చాయో పిల్లలకు చెప్పగలిగితే ఆ ప్రయాణపు ఖర్చు దండుగ కాదు.

రైలు, స్టేషన్లు

రైలు విషయంలో విశాఖ కంటే మనమే ముందు. మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు చేరే మార్గం 1871లోనే బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. విశాఖ మీదుగా వెళ్లే తూర్పు కోస్తా మార్గాన్ని 1893 తరువాతనే భాగాలు భాగాలుగా తెరిచారు.

కడపవారికి తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది. తిరుపతి మీదుగా విశాఖ చేరుతుంది. కర్నూలువైపు వారు డోన్‌లో గాని నంద్యాలలో గాని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంటూరు, విజయవాడల మీదుగా వెళ్లవచ్చు. వేళలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు స్టేషన్‌లో కనుక్కోండి.

విశాఖ స్టేషన్‌ను పెద్దవాళ్లు ఇంకా వాల్తేరు అంటుంటారు. దీనికి ఒక ప్రత్యేకత ఉంది. విజయవాడ నుంచి వచ్చిన రైలు హౌరా వైపు వెళ్లాలంటే ఇక్కడ ఇంజనును రెండవ చివర తగిలించుకొని, వచ్చిన దిక్కుకే బయలుదేరాలి. కిటికీ దగ్గర కూర్చున్న పిల్లలు "రైలు మన ఊరికి తిరిగి పోతోంది" అని కంగారు పడతారు. ఈ శ్రమ లేకుండా కొన్ని దూరపు రైళ్లు విశాఖ లోపలికి రాకుండా దువ్వాడలోనే ఆగి సాగిపోతాయి. అక్కడ దిగితే ఊరికి మరి 17 కిలోమీటర్లు ఉంటుంది. టిక్కెట్టు కొనేటప్పుడే ఇది చూసుకోవాలి.

విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు. 2025 జనవరిలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. మన గుంతకల్లు డివిజన్‌ను కూడా ఈ జోన్‌లోనే చేర్చారు. కాబట్టి విశాఖ ఇక మనకు దూరపు ఊరని అనుకోనక్కరలేదు.

ఈస్టరు మరునాడు

ఇక బాంబు సంగతి. 1942వ సంవత్సరం మార్చి నెలలో రంగూను, అండమాను దీవులు జపాను చేతిలోకి వెళ్లాయి. ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారం. ఆ ఉదయం జపాను విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మరునాడు సోమవారం, ర్యూజో అనే యుద్ధనౌక మీదనుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదికి, కాకినాడ మీదికి వచ్చాయి.

విశాఖ రేవు తెరిచింది 1933లో. అప్పటికి తొమ్మిదేండ్లయినా నిండలేదు. ఓడలు కట్టే సింధియా కర్మాగారానికి 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. దానికి ఏడాది కూడా కాలేదు. బాంబుల వలన జరిగిన నష్టంకంటె భయం ఎక్కువ. జనం పిల్లాపాపలతో, చేతికందిన మూటలతో లోపలి గ్రామాలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని సైతం గుంటూరుకు మార్చారు. యుద్ధం ముగిసిన తరువాత గాని అది తిరిగి రాలేదు.

ఆనాడు పడిన బాంబులలో ఒకదాని తొడుగు విశాఖ మ్యూజియంలో ఉన్నది. బీచ్ రోడ్డులో డచ్చివారి కాలపు బంగళాలో 1991లో ఈ మ్యూజియం తెరిచారు. జమీందారుల వస్తువులు, ఓడల నమూనాలు చాలా ఉన్నాయి. అన్నీ చూసి, ఈ బాంబు దగ్గర మాత్రం కొంచెంసేపు నిలబడండి. "మనం వాళ్లకేం చేశామని మనమీద వేశారు?" అని పిల్లవాడు అడగవచ్చు. ఆ రోజు మన దేశం ఇంగ్లీషువారి చేతిలో ఉంది, యుద్ధం చేయాలా వద్దా అని మనలను ఎవరూ అడగలేదు అని చెప్పండి. రాజ్యాల కొట్లాటలో దెబ్బ తగిలేది వల వేసుకొని బ్రతికేవానికి, రేవులో మూట మోసేవానికి.

వదులుకొన్న బాకీ

బాంబులు వేసిన దేశానికి తరువాత ఏమి జరిగిందో కూడ చెప్పాలి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడింది. అదీ విశాఖ వలెనే సముద్రపు ఒడ్డున ఉన్న ఊరే. ఆ సంవత్సరాంతానికి సుమారు 1,40,000 మంది చనిపోయినట్లు అంచనా. అయినా మూడవ రోజున, అంటే ఆగస్టు 9న, ఆ ఊరి వీధిలో ట్రాం బండి ఒక కొంత దూరం మళ్లీ నడిచింది. 1955లో అక్కడ ఒక మ్యూజియం తెరిచారు. అందులో కాలిపోయిన అన్నం డబ్బా ఉంది, మూడేళ్ల పిల్లవాడు తొక్కుకొన్న మూడు చక్రాల సైకిలు ఉంది. విశాఖలోని బాంబు తొడుగును, హిరోషిమాలోని ఆ సైకిలును కలిపి తలచుకొంటే యుద్ధం అంటే ఏమిటో పిల్లలకు వేరే పాఠం అక్కరలేదు.

యుద్ధంలో ఓడినవారు గెలిచినవారికి నష్టపరిహారం కట్టడం లోకపు ఆనవాయితీ. మన దేశం 1952 జూన్ 9న జపానుతో వేరుగా సంధి చేసుకొని, తనకు రావలసిన పరిహారం అంతా వదులుకొంది. బాంబులు తిన్న విశాఖ ఉన్న దేశమే ఆ మాట అన్నది. 1958లో జపాను తన మొట్టమొదటి యెన్ రుణాన్ని మన దేశానికే ఇచ్చింది. 1960లో బైలదిల్లా కొండల ఇనుప రాయిని జపాను ఉక్కు మిల్లులకు అమ్మడానికి ఒప్పందం కుదిరింది. ఆ రాయి ఓడ ఎక్కవలసిన రేవు విశాఖపట్నమే. పద్దెనిమిదేండ్ల క్రిందట బాంబులు పడిన రేవు!

కొండలెక్కే రైలు

బైలదిల్లా అప్పటి మధ్యప్రదేశ్‌లో బస్తరు అడవులలో ఉండేది. ఇప్పుడు అది ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా. అక్కడి కిరండూల్ నుంచి విశాఖ దగ్గరి కొత్తవలస వరకు, సుమారు 445 కిలోమీటర్ల మేర, 1960ల్లో రైలు మార్గం వేశారు. తూర్పు కనుమలను తొలిచి యాభైకి పైగా సొరంగాలు చేశారు. లోయల మీద లెక్కలేనన్ని వంతెనలు కట్టారు. దారిలో వచ్చే షిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. కాశ్మీరులో రైలు పడేదాకా దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే ఎత్తైనదని చెప్పుకొనేవారు. ఈ రాయి మోసే పెద్ద ఓడల కొరకే 1976లో విశాఖలో బయటి హార్బరు తయారైంది.

రాయి కొరకు వేసిన దారి మనుషులకు కూడ పనికివచ్చింది. విశాఖలో ఉదయం కిరండూల్ పాసింజరు ఎక్కితే బొర్రా గుహలు, అరకు చేరవచ్చు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడ తగిలిస్తున్నారు, దాని టిక్కెట్టు ఎక్కువ. మామూలు పెట్టెలోనూ కిటికీ ఉంది, కొండ ఒకటే. ఎదురుగా ఎర్రటి దుమ్ముతో రాయి నింపిన గూడ్సు బండ్లు దిగి వస్తుంటాయి, పిల్లలకు చూపించండి. మన కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు చూసినవారు బొర్రా గుహలు కూడ చూస్తే తేడా తెలుస్తుంది. బెలుం భూమిలోపల పొడవుగా సాగే సందులు. బొర్రా పెద్ద కప్పు వేసిన మందిరం వలె ఎత్తుగా ఉంటుంది. అరకులో గిరిజనుల మ్యూజియం ఉంది. వారి ఇల్లు, పొయ్యి, పనిముట్లు చూడవచ్చు.

అక్కడ ఒక మాట కూడ ఆలోచించాలి. రాయి ఎవరి అడవిలో పుట్టిందో వారి గడపకు ఎంత చేరింది? ఇది మనకు తెలియని ప్రశ్న కాదు. మన మంగంపేట ముగ్గురాయి కూడ రేవులు దాటి పరదేశాలకు పోతున్నది. తవ్వే ఊరిలో బడి, నీళ్లు, ఆసుపత్రి ఎలా ఉన్నాయో చూసి, ఆ సంపద ఎవరికి దక్కిందో చెప్పవచ్చు. బైలదిల్లా రాయి అంతా పరదేశానికి పోకుండా ఇక్కడే ఉక్కు చేయాలని 1966లో తెలుగువారు ఆందోళన చేశారు, ప్రాణాలూ పోయాయి. 1971లో విశాఖ ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1992లో ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. అప్పుడు ఆయన మన నంద్యాల నుంచే లోక్‌సభ సభ్యులు. ఆ రాయి ఈ కొలిమికి కూడ వస్తున్నది.

ఇసుక మీది జలాంతర్గామి

బీచ్ రోడ్డులో పిల్లలను అందరికంటె ఎక్కువ ఆకర్షించేది ఐ.ఎన్.ఎస్. కుర్సురా. సోవియట్ దేశంలో కట్టిన ఈ జలాంతర్గామి 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 వరకు పని చేసింది. 91 మీటర్ల పొడవున్న దీనిని ఒడ్డుకు లాగి, 2002లో మ్యూజియం చేశారు. సుమారు 75 మంది దీనిలో రోజుల తరబడి నీటిలోపల ఉండేవారు. వంగి నడవవలసిన గుండ్రటి తలుపులు, అరల వంటి పడకలు, గోడలంతా గొట్టాలు. చుట్టూ సముద్రం, లోపల మంచినీళ్లకు కొలత! బిందె నీళ్ల విలువ తెలిసిన మన ఆడవారికి ఆ కష్టం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. పదవీ విరమణ చేసిన నౌకాదళం వారే తిప్పి చూపిస్తారు. ఎదురుగా 2017లో తెరిచిన టి.యు.-142 విమానపు మ్యూజియం కూడ ఉంది.

డాల్ఫిన్స్ నోస్ అనే కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొని వచ్చి రేవుకు అడ్డుగా నిలిచింది. రేవు కట్టినప్పుడు రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, అలల జోరు ఆపడానికి దాని దగ్గర ముంచారు.

మన సంఘాలకు సంబంధించిన సంగతి ఒకటి. 1805లో లండన్ మిషన్‌వారైన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖలోనే తమ పని మొదలుపెట్టారు. తెలుగు నేర్చుకొని సువార్తలను తెలుగులోకి మార్చసాగారు. 1809లో ఒకరు, 1810లో ఒకరు కన్నుమూశారు. వారి పని అచ్చులో రావడం 1812లో, సేరంపూర్‌లో. అదే మిషన్‌వారు 1822లో కడపలో పని ప్రారంభించారు. కాబట్టి కడప సంఘాలవారికి విశాఖ ఒకవిధంగా పుట్టిల్లే.

వెళ్లేవారికి హెచ్చరిక

సముద్రాన్ని కాలువ అనుకోవద్దు. కె.సి. కాలువలో అటునుంచి ఇటు ఈదే పిల్లవాడైనా అక్కడ ఈదలేడు. వచ్చే అలకంటె వెనక్కిపోయే నీరు ప్రమాదం. కాళ్లక్రింది ఇసుకను లాగి, మనిషిని లోపలికి ఈడుస్తుంది. రామకృష్ణా బీచ్‌లో ఏటా ఇలా ప్రాణాలు పోతున్నాయి. మడమ తడిస్తే చాలు. చిన్నపిల్లల చెయ్యి విడవవద్దు. ఎర్రజెండా కనిపించినచోట అడుగు పెట్టవద్దు, కాపలావారు పిలిస్తే మారుమాట లేకుండా బయటికి రండి.

మ్యూజియంలకు వారంలో ఒకరోజు సెలవు ఉంటుంది. ముందే కనుక్కొని బయలుదేరండి. ఒక నోటుపుస్తకం పిల్లల చేతికిచ్చి, చూసినవాటి పేర్లు, సంవత్సరాలు వ్రాయించండి. ఇంటికి వచ్చాక రాత్రి భోజనాల దగ్గర ఆ పుస్తకం తెరిచి, బాకీ వదులుకోవడం మంచిదా, వసూలు చేసుకోవడం మంచిదా అని వారినే అడిగి చూడండి. పిల్లలు ఇచ్చే జవాబులు ఓపికగా వినండి.