కోడ్ రన్ అయింది సరే.. పదం సరిగ్గా విరిగిందా?

'వర్డ్ బ్రేక్' ప్రశ్న మీకూ ఎదురయ్యే ఉంటుంది. స్పేసులు లేని అక్షరాల వరుస, పదాల జాబితా ఇచ్చి విడదీయమంటారు. నా మొదటి ఇంటర్వ్యూలో అదే అడిగారు. బట్టీ పట్టిన డైనమిక్ ప్రోగ్రామింగ్ కోడ్ గబగబా రాసేశాను. 'రెండు రకాలుగా విడిపోతే ఏది కరెక్ట్?' అన్నారు. నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు.

దానికి జవాబు చాలా రోజుల తర్వాత డచ్ భాషలో దొరికింది. నెదర్లాండ్స్ వాళ్లు రెండు మూడు పదాలను స్పేస్ లేకుండా అతికించేస్తారు. అలాంటి సమాసాన్ని లైన్ చివర విరవాలంటే ముందు అతుకు ఎక్కడుందో తెలియాలి. 'క్వార్ట్‌స్లాగెన్' చూడండి. క్వార్ట్-స్లాగెన్ అంటే పావు చుట్లు. క్వార్ట్స్-లాగెన్ అంటే క్వార్ట్జ్ పొరలు. అక్షరాలు అవే, అర్థాలు వేరు. ఇంకో తిరకాసు కూడా ఉంది. బామ్మను ముద్దుగా పిలిచే 'ఓమాట్యే'లో రెండు 'ఎ'లు రాస్తారు. హైఫన్‌తో విరిస్తే ఒక 'ఎ' ఎగిరిపోతుంది. అంటే హైఫన్ పెడితే చాలదు, స్పెల్లింగూ మార్చాలి.

స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్ లియాంగ్ 1983లో తన పీహెచ్‌డీ థీసిస్‌లో ఈ పనికి ఒక చక్కటి పద్ధతి చూపించారు. అక్షరాల మధ్య అంకెలుండే ప్యాటర్న్‌లు తయారు చేస్తారు. ఒకే చోట రెండు అంకెలు పోటీ పడితే పెద్దదే గెలుస్తుంది. అది బేసి అయితే విరవొచ్చు, సరి అయితే కూడదు. టెక్ సాఫ్ట్‌వేర్ వాడేది ఈ పద్ధతే. కానీ అది అక్షరాలనే చూస్తుంది, అర్థాన్ని కాదు. చుట్లా, పొరలా అన్నది చుట్టూ ఉన్న వాక్యమే చెప్పాలి.

మనకిది కొత్తేం కాదు. 'నాకేల' అంటే 'నాకు ఏల' కావచ్చు, 'నా కేల' కూడా కావచ్చు. స్కూల్లో సంధులు విడదీసినప్పుడు మనం చేసింది ఇదే.

అందుకే కోడ్ మొదలుపెట్టే ముందే అడగండి: 'ఇన్‌పుట్ ఏ భాష? ఒక్క జవాబు చాలా, అన్నీ కావాలా? సందర్భం ఇస్తారా?' ఇలా అడిగితే తెలియదనుకుంటారని భయపడొద్దు. రేపు ఉద్యోగంలో చేయాల్సిన పనే అది. ఈ వీకెండ్ ఓ యాభై తెలుగు సమాసాలు తీసుకుని మీ ప్రోగ్రామ్‌కి ఇచ్చి చూడండి. అది ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో రాసి పెట్టుకోండి. రెజ్యూమెలో అందరూ రాసే ప్రాజెక్టు కంటే, ఆ ఒక్క పేజీ గురించి మీరు ఎక్కువసేపు ధైర్యంగా మాట్లాడగలరు.