టీకా కనిపెడితే చాలదు, కొట్టం దాకా రావాలి

వాన మొహం చాటేస్తే కర్నూలు, కడప మెట్ట పల్లెల్లో వేరుశనగ చేతికి రాదు. ఆ ఏడు చాలా ఇళ్లు గడిచేది పాల డబ్బుతోనే. ఆ పాడి మీదే పడింది కొత్త వైరస్ జబ్బు లంపీ, అంటే ముద్ద చర్మ వ్యాధి. జ్వరం, ఒళ్లంతా గడ్డలు, పాలు పడిపోవడం దాని లక్షణాలు. దోమలు, జోరీగలు, పిడుదులు దాన్ని ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి మోస్తాయి.

మన దేశంలో ఇది 2019లో ఒడిశాలో బయటపడింది. 2022లో దేశవ్యాప్తంగా లక్షన్నరకు పైగా పశువులు చచ్చాయని ప్రభుత్వ లెక్కే చెబుతోంది.

శాస్త్రవేత్తలు తమ పని చేశారు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ కలిసి ‘లంపీ ప్రోవాక్ ఇండ్’ టీకా తయారు చేశాయి. 2022 ఆగస్టు 10న కేంద్ర వ్యవసాయ మంత్రి దాన్ని విడుదల చేశారు. రెండూ ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలే. కానీ లంపీ టీకా అమ్మకానికి ఒక ప్రైవేటు కంపెనీకి లైసెన్సు వచ్చింది 2025 ఫిబ్రవరిలో! అంతదాకా మేకలకు వేసే గోట్ పాక్స్ టీకాతోనే నెట్టుకొచ్చారు. అది కొంత కాపాడింది, కాదనం. పరీక్షలు మానేయమనీ అనం. ప్రభుత్వ ఫ్యాక్టరీలను ముందే సిద్ధం చేసి ఉంటే ఇన్నేళ్లు పట్టేదా అని అడుగుతున్నాం.

పులివెందులలో పశు పరిశోధనకని కట్టిన కేంద్రం ఉంది. పేరు ఐజీకార్ల్ నుంచి ఏపీకార్ల్‌గా మార్చారు. పశు టీకాల తయారీకి 2020లో అక్కడ ప్రైవేటు కంపెనీతో ఒప్పందమూ చేసుకున్నారు. ఆ ఒప్పందం వల్ల సీమ పశువులకు ఎన్ని డోసులు అందాయో ప్రభుత్వం లెక్క చెప్పాలి.

గాలికుంటుకు కేంద్రం పూర్తి ఖర్చు భరించి ఉచితంగా టీకా వేయిస్తోంది. లంపీకి ఎందుకు వేయించదు?

మేం డిమాండ్ చేస్తున్నాం: లంపీ టీకా ప్రతి పశువుకూ ఉచితంగా వేయాలి. ప్రభుత్వ సంస్థల్లోనే తయారు చేయాలి. ఎండలో టీకా పాడుకాకుండా ప్రతి పశువుల ఆసుపత్రిలో ఫ్రిజ్, కరెంటు, ఖాళీల్లేకుండా సిబ్బంది ఉండాలి. చచ్చిన పశువుకు పరిహారం ఇవ్వాలి.

రేపు ఇంకో వైరస్ వస్తుంది. అప్పుడూ టీకా ఢిల్లీలో ఉండి, పశువు పల్లెలో చావాల్నా? ప్రతి ఊళ్లో సంఘం సభ్యులు టీకా వేయని పశువుల లెక్క రాసి మండల పశువైద్యాధికారికి ఇవ్వండి. అడగనిదే ఏదీ రాదు.