వినోదవనముల ప్రవేశపు వెల

మల్లాపూరునుండి మెట్‌పల్లి మీదుగా నగరమునకు వచ్చిన యొక రైతు ఇటీవల మా కార్యాలయమునకు దయచేసిరి. కొలదిపాటి మాగాణియు, కొంత పసుపుచేనును గల గృహస్థు. ఇంట నిరువురు పిల్లలు. సెలవులలో హైదరాబాదు వినోదవనమునకు తీసికొనిపోవలసినదే యని వారు పట్టుబట్టి కూర్చుండిరట. “పంతులుగారూ, పొలం లెక్క నాకెరుకే గని ఈ టిక్కెట్టు లెక్క సమజ్ గాదు. పోవాల్నా, వద్దా? మీరే చెప్పుండ్రి” అని వారు మమ్ము నడిగిరి. విధానసభలను గూర్చియు, ఆయవ్యయ పట్టికలను గూర్చియు వ్రాయుటకలవాటుపడిన మాకు ఈ ప్రశ్న మొదట నవ్వు తెప్పించెను. కాని యోజించిన కొలదిని, ఇది వేలకొలది కుటుంబములు ప్రతి సంవత్సరమును తమలో తాము వేసికొను ప్రశ్నయే యనియు, దీనికి సరియైన సమాధానమును పత్రికలు గాని ప్రకటనలు గాని చెప్పుట లేదనియు మాకు తోచినది.

హైదరాబాదు చుట్టును ఈ వినోదస్థలములు ముప్పది యేండ్లలో పెరిగినవి. రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో వెలసినది. లోయర్ ట్యాంక్‌బండ్ నొద్ద స్నో వరల్డ్ 2004లోను, నెక్లెస్ రోడ్డుమీద జలవిహార్ 2007లోను వచ్చినవి. రావిర్యాలయందు వండర్‌లా 2016 ఏప్రిలులో తెరువబడినది. వీనిలో పెద్దవాని ప్రవేశపు వెల నేడు ఒక్కొక్కరికి వేయి రూపాయలకు పైబడియే యున్నది. పిల్లలకు కొంత తగ్గింపు కలదు. అయినను వయస్సునుబట్టి గాక యెత్తునుబట్టి టిక్కెట్టు నిర్ణయించుచోటులును గలవు గాన, పొడుగరియైన పదేండ్ల బాలుడు ద్వారమునొద్ద పెద్దవాడై పోవును. ఏపుగా పెరిగిన బిడ్డను జూచి తండ్రి విచారించు స్థల మిదియొక్కటియే కాబోలు!

మన రైతుగారికి తెలిసిన కొలతతోనే ఈ వెలను కొలుతము. మనిషికి వేయి రూపాయలని తక్కువలో తక్కువగా గట్టినను నలుగురికి నాలుగువేలు. ఉపాధిహామీ పనికి మన రాష్ట్రమున 2025-26 సంవత్సరమునకు నిర్ణయింపబడిన దినకూలి 307 రూపాయలు. అనగా ఆ నాలుగు టిక్కెట్లు ఒక కూలివాని పదుమూడు దినముల కష్టము. ఇక మల్లాపూరునుండి నగరమునకు రెండువందల కిలోమీటర్లకు మించిన దూరము. కిరాయి బండి, దారి ఫలహారములు, లోపలి భోజనము, రాత్రి బస, పిల్లలు చేతబట్టి విడువని ఆటవస్తువులు కలుపుకొన్నచో పదివేలకు తక్కువ గాదని మా యంచనా. 2025-26లో ఏ గ్రేడు వడ్లకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన మద్దతుధర క్వింటాలుకు 2389 రూపాయలు. కావున ఒక్క దినపు వినోదము నాలుగు క్వింటాళ్ల వడ్లు. ఈ మాట చెప్పగానే రైతుగారు కొంతసేపు మాటాడలేదు. “నాలుగు క్వింటాళ్లా!” అని మాత్ర మనిరి.

వ్యయమును తగ్గించు మార్గ మొకటి మాత్రము ఇటీవల వచ్చినది. 2023 డిసెంబరు 9వ తేదీనుండి రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణ ముచితము. తల్లియు కూతురును, వెంట నాయనమ్మయు నున్నచో సగము దారిఖర్చు తగ్గును. కాని వినోదవనములు చాలవరకు నగరపు పొలిమేరల నుండుటచేత, బస్సు దిగిన పిదప ఆటోవాని దయకు లోబడక తప్పదు.

అయితే వెల యెక్కువయని చెప్పినంత మాత్రమున అది తగదని తేలదు. ఆ ధనమునకు చేతికి వచ్చున దేమి యని చూడవలయును. ఇచ్చట పాఠకులు గమనింపని సూక్ష్మమొకటి గలదు. అమెరికాలో డిస్నీలాండ్ 1955 జూలై 17న తెరచినపుడు పెద్దలకు ప్రవేశము ఒక్క డాలరు. లోపల ఎక్కిన యాట కెక్కినట్లు వేఱుగ చీటి కొనవలసియుండెను. 1982లో ఆ చీటీలను మాని, ఒక్క వెలకు అన్ని యాటలు నను పద్ధతిని పెట్టిరి. నేడు మన దేశమునను పెద్ద వినోదవనములందు జరుగుచున్నది చాలవరకు నీ పద్ధతియే. వినుటకిది ఉదారముగ నుండును. కాని ధనమిచ్చి కొనునది ఆటలను గాదు, కాలమును. ఉదయము మొదలు సాయంకాలమువరకు ఏడెనిమిది గంటలు మన చేతికిత్తురు; ఆ గంటలలో ఎన్ని యాటలు దక్కునో యది మన యదృష్టము, అనగా ఆ దినపు జనసమ్మర్దము.

జనము పలుచగా నున్న మంగళవారమునాడు ఇరువది యాటలెక్కినవానికి ఒక్కొక్క యాట యేబది రూపాయలకే పడినది. మన జాతరలలో రంగులరాట్నమువాడు పుచ్చుకొనుచున్నదియు ఇంచుమించుగ నంతయే. అదే మనుష్యుడు పండుగ సెలవులలో ఆదివారమునాడు పోయి, ఎండలో గంటలకొలది వరుసలో నిలిచి, ఆరు ఆటలతో మరలివచ్చెనేని ఒక్కొక్కటి నూట అరువది రూపాయలు దాటినది. మఱియు చోద్యమేమనగా, రద్దీదినములలో టిక్కెట్టు వెల హెచ్చించుటయు గలదు. సరకు తగ్గినపుడు ధర పెరుగుట అంగడిలో సహజమే. కాని అంగడివాడు సరకు తగ్గినదని చెప్పి యమ్మును. ఇచ్చట ప్రకటన పలకమీద ఆటల సంఖ్య మాత్రము సంవత్సరమంతయు నొక్కటే!

ఇంతకంటె మాకు మనస్కరింపని విషయము వేఱొకటి గలదు. అదనముగ ధనమిచ్చినవారు వరుసలో నిలువక వేఱు దారిని ముందుగా పోవుటకు కొన్నిచోట్ల ప్రత్యేకపు టిక్కెట్లమ్ముచున్నారు. అమ్మువారి పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు: రైలులో తరగతులు లేవా? నాటకశాలలో ముందు వరుసకు వెల హెచ్చు గాదా? అని. కాని రైలులో మొదటి తరగతివాడు ముందు కూర్చున్నంత మాత్రమున మూడవ తరగతివాడు ఊరు చేరుట యాలస్యము గాదు. ఇచ్చట ముందుపోవువాని ప్రతి నిమిషమును వెనుక నిలిచిన పిల్లవాని కాలమునుండి తీసినదే. ఆ పిల్లవాని తండ్రియు వెల పూర్తిగనే చెల్లించియున్నాడు. విందులో పంక్తిభేదము చూపుట మహాపాతకమని నమ్మిన జాతి మనది. నేయి ఒక విస్తరిలో హెచ్చుగ, మఱియొక విస్తరిలో తక్కువగ వడ్డించుటనే సహింపనివారము, ఒక విస్తరిలోనిది తీసి వేఱొక విస్తరిలో వడ్డించుటను ఎట్లు సహింతుము? వినోదవనపు యజమానులు వ్యాపారము చేయవచ్చును. అట్టి టిక్కెట్లు దినమున కెన్ని యమ్మినారో ద్వారమునొద్ద వ్రాసిపెట్టుట మాత్రము కనీస ధర్మము.

యజమానుల వ్యయమును మేము తేలికగా జూచుట లేదు. ఉన్నతమైన యంత్రములు, వానిని ప్రతిదినమును పరీక్షించు నిపుణులు, నీటిని శుద్ధిచేయు సాధనములు, విద్యుత్తు, వానకాలమున జనములేని దినములు, ఇవన్నియు వెలలో నిమిడియుండవలసినవే. ముఖ్యముగ రక్షణ విషయమున పిసినారితనము కూడదు. జాతరలలో ఒక్క రాత్రిలో బిగించిన రాట్నమునకు టిక్కెట్టు చౌకయే గాని, దాని మరలను ఎవరు చూచిరో అడుగువాడు లేడు. చౌకయైనదెల్ల మేలని మేమనము.

మఱి ఈ వెలలో సర్కారువారి పాలెంత? 2015 జూన్ 1నుండి వినోదవనముల ప్రవేశముమీద కేంద్రపు సేవాపన్ను పడినది. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినపుడు దానిని నూటికి 28గా విధించిరి. 2018 జనవరి 25నుండి 18కి తగ్గించిరి. అనగా 1180 రూపాయల టిక్కెట్టులో 180 రూపాయలు పన్నే. ఐదువందల రూపాయలకు మించని సర్కసు, నాటకపు టిక్కెట్లకు పన్ను లేదు. జంతుప్రదర్శనశాలకును, మ్యూజియమునకును లేదు. నూరు రూపాయల లోపు సినిమా టిక్కెట్టుకు 2025 సెప్టెంబరు 22నుండి నూటికి ఐదే. ఈటలోని వినోదములన్నిటను పేదవానికొక మెట్టు కట్టిన ప్రభుత్వము వినోదవనము దగ్గర మాత్రము ఆ మెట్టు కట్ట మఱచినది. పాఠశాలలు సమష్టిగా కొను విద్యార్థుల టిక్కెట్లకైన పన్ను మినహాయింపవలెనని మేము కోరుచున్నాము.

భోజనము సంగతి యొక్కమాట. బయటి యన్నము లోనికి రానీయమను నియమమును చాలచోట్ల జూచుచున్నాము. సినిమాశాలల విషయమున, బయటి తినుబండారములను నిరోధించు హక్కు యజమానులకు గలదనియు, త్రాగునీరు మాత్రము ఉచితముగ నీయవలసినదేయనియు 2023 జనవరి 3న సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. సినిమా మూడు గంటలు. వినోదవనమున దినమంతయు గడుపవలె. నీటిలో ఆడిన పిల్లవాని ఆకలి యెట్టిదో తల్లులకు చెప్పనక్కరలేదు. పులిహోర కట్టుకొనిపోయి ద్వారమునొద్ద పారవేయుటకంటె, బయటికి వచ్చి తిని మరల లోనికి పోనిత్తురా యని ముందుగా విచారించుకొనుట మేలు.

ఇంక మా మనస్సును నిజముగ బాధించుచున్న విషయమునకు వత్తుము. మల్లాపూరు, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములలో అనేక గృహములు బీడీలమీదను, మరమగ్గములమీదను, గల్ఫు దేశములనుండి వచ్చు సొమ్ముమీదను నడచుచున్నవి. మల్లాపూరు మండలమందలి ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడిన పిమ్మట, చెఱకును నమ్మినవారు దూరపు కర్మాగారములకు తోలుకొనుటయో, పైరు మార్చుకొనుటయో చేయవలసివచ్చినది. అట్టి గ్రామములలో ఒక ప్రైవేటు పాఠశాలవారు విహారయాత్రయని పేరుపెట్టి పిల్లలచేత ఇంటికి చీటి పంపిరి. ధన మింత, ఈ తేదీలోపల చెల్లింపవలెను. బీడీలు చుట్టు ఒక తల్లి ఆ సొమ్ము వడ్డీకి తెచ్చినది. ఏల తెచ్చితివమ్మా యని యడుగగా, “అందరు పోతుంటే నా బిడ్డ ఒక్కతే బడిల కూసోవాల్నా?” అని బదులు చెప్పినదట. ఈ మాటకు మావద్ద సమాధానము లేదు. అదే తరగతిలో సొమ్ము దొరకని ముగ్గురు పిల్లలు ఆ దినమున ఇంటివద్ద నుండిరి. మరునాడు తక్కినవారు చెప్పుకొను కథలు వినిరి.

ఆ పాఠశాలవారికి టిక్కెట్టులో సమూహపు తగ్గింపు ఎంత దక్కెనో, తలిదండ్రులయొద్ద ఎంత వసూలు చేసిరో, లెక్క మాత్రము ఎవరికిని చూపలేదు.

దీనికి ప్రక్కన వేఱొక దృష్టాంతము. దుబాయినుండి రెండేండ్లకు నెలదినముల సెలవుమీద వచ్చిన తండ్రి తన యిద్దరు పిల్లలను వినోదవనమునకు తీసికొనిపోయి, వారితోపాటు తానును నీటిలో దుమికి, సాయంకాలమువరకు కేకలు వేసెను. ఆతని సొమ్ముకు లెక్కయడుగుటకు మాకు నోరు రాదు. నాలుగు క్వింటాళ్లు గాదు, పది క్వింటాళ్లయినను ఆ దినమున కది యెక్కువ గాదు. పిల్లవానికి తండ్రి యెత్తుకొన్న జ్ఞాపకము వడ్లతో కొలుచునది గాదు. ఆ దినము ధర్మపురి గోదావరి యొడ్డున గడచినను ఆ పిల్లవాడు మఱచియుండడని మాత్రము మా యనుమానము.

మన ప్రాంతమున చూడదగినవి తక్కువయా? ధర్మపురి, కొండగట్టు, వేములవాడ జాతరలు పిల్లలకు నేటికిని పండుగలే. పోచంపాడు నొద్ద శ్రీరామసాగరము కలదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ యానకట్ట తలుపులు తెరచిన దినమున నీరు దుముకుట చూచిన బాలునకు ఏ యంత్రపు జలపాతమును ఎక్కువగా తోచదు. కాని యచ్చటికి పోయిన కుటుంబమునకు నీడ, మరుగుదొడ్డి, శుభ్రమైన నీరు, పిల్లల కొక ఊయల ఏపాటి లభించుచున్నవని యడిగిన మనము తల వంచుకొనవలసినదే. జనులు వేయి రూపాయలిచ్చుచున్నది ఆటలకు మాత్రమే గాదు, శుభ్రతకును, స్త్రీలు నిర్భయముగ తిరుగు స్వేచ్ఛకునుగూడ. ఇవి పన్ను చెల్లించు ప్రతివానికిని ఊరి పార్కులో దొరకవలసినవి.

నాంపల్లి నుమాయిష్ మాటను ఈ సందర్భమున చెప్పకుండజాలము. 1938లో ఉస్మానియా పట్టభద్రుల పూనికతో పబ్లిక్ గార్డెన్సులో నారంభమై, 1946లో నాంపల్లికి మారిన ఆ ప్రదర్శనమున 2025లో ప్రవేశరుసుము 50 రూపాయలే. నడిపించు సంఘము ఆదాయముతో కళాశాలలను నిర్వహించుచున్నది. లోపల వెల వేఱుగ నిచ్చి ఆట లెక్కవచ్చును, ఎక్కకయు తిరుగవచ్చును. ఇట్టి ప్రదర్శనము జగిత్యాలలోనో కరీంనగరములోనో సంవత్సరమున కొక నెల జరుపుటకు జిల్లా పెద్దలును, వర్తకులును పూనుకొనిన, మన పిల్లలు రెండువందల కిలోమీటర్లు పోవలసిన యగత్యము చాలవరకు తగ్గును.

మన రైతుగారికి మేము చెప్పిన దిది: అప్పు చేసి పోవలదు. పంట సొమ్ము చేతికివచ్చి, విత్తనములకును ఎరువులకును తీసియుంచిన పిదప మిగిలినచో, బడి సెలవు గల సాధారణ దినమున, ఆదివారమును పండుగను విడిచి, తెల్లవారుజామున బయలుదేరి ద్వారము తెరచువేళకు చేరుడు. ప్రత్యేకపు టిక్కెట్టు కొనవలదు. మీరు ఒడ్డున సంచులు కాచుచు కూర్చుండక పిల్లలతోపాటు నీటిలోనికి దిగుడు. మీరును వెల చెల్లించినవారే. రైతుగారు నవ్వి, పసుపు అమ్మిన తరువాత చూచెదమనిరి.

ఆ పాఠశాల సంగతి మాత్రము అంతటితో విడుచుటకు మాకు ఇష్టము లేదు. వచ్చు సంవత్సరము యాత్రకు చీటి పంపునపుడు టిక్కెట్టు వెల, సమూహపు తగ్గింపు, బస్సు కిరాయి విడివిడిగ వ్రాసి పంపవలెననియు, సొమ్ము తేలేని పిల్లల ఖర్చును ఆ తగ్గింపునుండియే భరింపవలెననియు తలిదండ్రులు కూడి యడుగవలయును. ఆ ప్రాంతపు భూస్వాములును, వర్తకులును తమ పిల్లల సొమ్ము చెల్లించుటకు ముందు ఈ ప్రశ్న వేసినచో పాఠశాలవారు వినకపోరు. వారి మాటకు అచ్చట విలువ గలదు. బీడీలు చుట్టు తల్లి మాటకు లేదు.