పుస్తకానికి రెండేళ్లు, పరుగుకు ఇరవై రోజులా?

సికింద్రాబాద్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉంటుంది చిలకలగూడ. చుట్టూ రైల్వే క్వార్టర్లు. ఇటు మెట్టుగూడ, అటు సీతాఫల్‌మండి, కాస్త ముందుకు వెళ్తే లాలాగూడ వర్క్‌షాప్. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు ఆఫీసు కూడా దక్షిణ లాలాగూడలోనే ఉంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దానికి కేంద్రమైంది. అప్పటి నుంచి ఈ బస్తీల్లో రైల్వే ఉద్యోగం వచ్చిందంటే ఇల్లు కుదుటపడిందనే లెక్క. అందుకే గ్రూప్-డి నోటిఫికేషన్ పడగానే గైడ్లు కొంటారు, మాక్ టెస్టులు రాస్తారు, కరెంట్ అఫైర్స్ నోట్సు చేతులు మారుతుంది. పరుగు సంగతి మాత్రం రాతపరీక్ష ఫలితాలు వచ్చాకే గుర్తొస్తుంది.

ఆ పరుగుకూ నోటిఫికేషన్‌లోనే లెక్క ఉంది. పురుషులు 1000 మీటర్లను 4 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 5 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేయాలి. దాంతోపాటు పురుషులు 35 కిలోల బరువును, మహిళలు 20 కిలోల బరువును ఎక్కడా కింద పెట్టకుండా 2 నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి. దేనికైనా ఒక్కటే అవకాశం. రాతలో ఎన్ని మార్కులు వచ్చినా ఇక్కడ ఆగిపోతే అంతే.

పోలీసు ఉద్యోగాలదీ ఇదే దారి. తెలంగాణ పోలీసు నియామక మండలి 2018లో పురుషులకు 800 మీటర్లు పెట్టి 170 సెకన్ల గడువు ఇచ్చింది. 2022కు వచ్చేసరికి దూరాన్ని 1600 మీటర్లు చేసి, గడువును 7 నిమిషాల 15 సెకన్లుగా మార్చింది. అంటే అప్పట్లో ఒక్కో 400 మీటర్ల రౌండును 85 సెకన్లలో కొట్టాలి, ఇప్పుడు 108 సెకన్లు దాటినా ఫర్వాలేదు, కానీ రౌండ్లు నాలుగు. కావాల్సింది దూకుడు కాదు, దమ్ము. సాధన పద్ధతి మాత్రం చాలామందికి ఇంకా మారలేదు.

తెల్లవారుజామున ఏ మైదానానికి వెళ్లినా ఆ పద్ధతి కంటపడుతుంది. ఇరవై ఐదు దాటిన యువకుడు, స్కూలు విడిచాక పరిగెత్తడం ఇదే మొదలు. కాళ్లకు కొత్త బూట్లు, చేతిలో ఫోను, ఫోనులో స్టాప్‌వాచ్. రైల్వే వారి 1000 మీటర్లలో మొదటి 400 మీటర్లు 80 సెకన్లలో దూసుకెళ్తాడు. రెండో రౌండు సగానికి వచ్చేసరికి భుజాలు చెవుల దాకా లేస్తాయి, గుప్పిళ్లు బిగుసుకుంటాయి, డొక్కలో పోటు మొదలవుతుంది. ఆ రౌండుకు 125 సెకన్లు పడుతుంది. చివరి 200 మీటర్లు పరుగూ కాదు, నడకా కాదు, 85 సెకన్లు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఫోను చూసుకుంటే 4 నిమిషాల 50 సెకన్లు. మర్నాడు మళ్లీ అదే. వారం తిరిగేసరికి పిక్క ముందు ఎముక నొప్పెడుతుంది, పది రోజులు మంచం.

ఈ కుర్రాడిలో సత్తువ లేదనడం తప్పు. లోపం లెక్కలో ఉంది. 4 నిమిషాల 15 సెకన్లంటే 200 మీటర్లకు 51 సెకన్లు, రౌండుకు 102. మొదటి రౌండులో అతను మిగిల్చుకున్న 22 సెకన్లను తర్వాతి రౌండున్నరలో వడ్డీతో సహా చెల్లించాడు.

రెండో పొరపాటు ఇంతకంటే పెద్దది. 1000 మీటర్లు చిన్న దూరం కాబట్టి రోజూ వేగంగా పరిగెత్తితే చాలనుకుంటారు. నాలుగు నిమిషాల పాటు సాగే పరుగులో ఖర్చయ్యే శక్తిలో నాలుగింట మూడొంతులకు పైగా ఆక్సిజన్ ఆధారంగానే పుడుతుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాల్లోని సన్నని రక్తనాళాలు ఆ పనికి అలవాటు పడాలి. ఆ అలవాటు నెమ్మది పరుగుతో, నెలల మీద వస్తుంది. ఎముకలకు, కండర బంధనాలకు గుండె కంటే ఎక్కువ సమయం కావాలి. దమ్ము వచ్చిందని తొందరపడ్డవాళ్లను కాళ్లు ఆపేసేది అందుకే.

న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ స్నెల్ 1960 రోమ్, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణాలు గెలిచారు. రెండు నిమిషాల్లోపు ముగిసే ఆ పోటీ కోసం కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఆయన చేత ఆదివారాల్లో కొండదారుల మీద 35 కిలోమీటర్ల పరుగు చేయించేవారు. రోజర్ బానిస్టర్ కథ మన అభ్యర్థులకు ఇంకా దగ్గర. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తారు. మైలంటే 1609 మీటర్లు, మన పోలీసు పరీక్ష కంటే తొమ్మిది మీటర్లే ఎక్కువ. వైద్య విద్యార్థిగా ఆయనకు దొరికిన సమయం తక్కువ. 440 గజాల రౌండ్లు పది, మధ్యలో విరామం, ఇదీ సాధన. రౌండుకు 66 సెకన్లతో మొదలై నెలల తర్వాత 61 దగ్గర ఆగిపోయారు. అప్పుడు సాధన పెంచలేదు. స్కాట్లాండ్‌లో కొండలెక్కడానికి వెళ్లి కొద్దిరోజులు పరుగు మానేశారు. తిరిగొచ్చాక రౌండు 59 సెకన్లకు దిగింది.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీనే చూడండి. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2022 మేలో 13.23 సెకన్లు, 2023 ఆగస్టులో 12.78. సెకనులో సగం కూడా కాని ఆ తేడాకు పదిహేను నెలలు పట్టింది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి సమయం ఇంతకంటే చాలా త్వరగా తగ్గుతుంది, నాలుగు నెలలు చేతిలో ఉంటే.

ఆ నాలుగు నెలలకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మొదటి ఆరు వారాలు వారానికి నాలుగు రోజులు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా అరగంట పరుగు. ఆయాసమొస్తే నడవాలి, సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ తర్వాత వారంలో ఒక్కరోజు 200 మీటర్లు 51 సెకన్లలో, ఎనిమిది సార్లు, ప్రతిదాని తర్వాత 200 మీటర్ల నడక. మొదటిదీ ఎనిమిదోదీ ఒకే సమయంలో వస్తే సాధన సరిగ్గా ఉన్నట్టు. అలవాటయ్యాక 400 మీటర్లు 102 సెకన్లలో నాలుగు సార్లు. నెలకోసారి మాత్రమే పూర్తి దూరం పెట్టి చూసుకోవాలి. బరువు మోసే పరీక్షకు ఇసుక మూటతో వారానికి రెండు రోజులు. అసలు రోజున కొత్త బూట్లు వద్దు.

ఈ మాటలు ఉద్యోగం కోసమే చెప్పేవి కావు. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల్లో 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పది మందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. మన దగ్గర దూరాలు చిన్నవే. అయినా పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెజబ్బుతో పోయినా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. పక్కనే గాంధీ ఆస్పత్రి ఉంది.

అభ్యర్థి మారితే సరిపోదు. రాతకు వేలల్లో ఫీజు తీసుకునే కోచింగ్ సెంటర్లు మొదటి రోజు నుంచే మైదానాన్ని టైమ్‌టేబుల్లో చేర్చాలి. ఫలితాల తర్వాత ‘ఇరవై రోజుల్లో ఈవెంట్స్’ అని పిలిచి కాళ్లు విరగ్గొట్టే పద్ధతి ఆపాలి. అమ్మాయిల కష్టం మరీ ఎక్కువ. చీకట్లో ఒంటరిగా పరుగుకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. వెలుతురు వచ్చేసరికి రోడ్డు మీద బస్సులు, ఆటోలు నిండిపోతాయి. ఉస్మానియా క్యాంపస్ దాకా వెళ్లి రావడానికే గంట పోతుంది.

ఉద్యోగాలకు పరుగు పరీక్ష పెడుతున్న రైల్వేకు, పోలీసు శాఖకు, నగర పాలక సంస్థకు ఈ చుట్టుపక్కల స్థలాలకు కొదవ లేదు. ఒక్క మైదానం గేటును ఉదయం ఐదు నుంచి ఏడు వరకు తెరిచి ఉంచితే చాలు. లోపల నాలుగు దీపాలు, ఒక మహిళా కానిస్టేబుల్, ప్రతి 200 మీటర్లకూ ఒక సున్నపు గీత. ఆ గీత దాటుతూ 51 సెకన్లు లెక్కపెట్టుకునే వీలు చిలకలగూడ పిల్లలకు వచ్చే నోటిఫికేషన్ కంటే ముందే కలగాలి.