పెట్టుబడి ఎవరి మెడలోది?

మా కాలనీ మలుపులో కర్రీ పాయింట్ మూతపడింది. పదకొండు నెలలు నడిచింది. సోమవారం పొద్దున చూస్తే షట్టర్ మీద టులెట్ కాగితం, పైన ఇంకా దించని బోర్డు. బోర్డు మీద ఉన్నది ఇల్లాలి పేరే, ముందు 'శ్రీ' తగిలించి. అద్దె అగ్రిమెంటు, ట్రేడ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా మాత్రం ఆయన పేరిట.

ఆ సాయంత్రమే నన్నో స్టార్టప్ సదస్సుకి పిలిచారు. వక్తలందరిదీ ఒకటే పాట: రిస్క్ తీసుకోవాలి, మన కుర్రాళ్లకి ధైర్యం చాలదు. ఒళ్లు మండింది నాకు. ధైర్యం చాలకనేనా గల్లీకి రెండు టిఫిన్ సెంటర్లు? రిస్క్ ఎవరిదో మాత్రం వేదిక మీద ఒక్కరూ చెప్పరు. నేను చెబుతాను: ఆ ఇంటి ఆడమనిషిది.

ఇన్ఫోసిస్ కథ లేకుండా ఏ సదస్సూ ముగియదు. 1981లో సుధామూర్తి ఇచ్చిన 10,000 రూపాయలతో మొదలైందని చప్పట్లు కొట్టిస్తారు. ఆవిడా ఇంజినీరే, అయినా ఆవిణ్ని కంపెనీలోకి రానివ్వలేదన్న ముక్క దగ్గరికొచ్చేసరికి టీ బ్రేక్. అది తన పొరపాటేనని నారాయణమూర్తిగారే తర్వాత ఒప్పుకున్నారు. మా వెనక వీధిలో ఇడ్లీ బండితో మొదలెట్టి మూడంతస్తులు లేపినాయన ఉన్నాడు. పిండి రుబ్బిన చేతులు ఎవరివో వీధంతటికీ తెలుసు. గృహప్రవేశం నాడు శాలువా ఆయనకే కప్పారు.

పూచీకత్తు అక్కర్లేని ముద్ర రుణాలున్నాయిగా అంటారు. ఉన్నాయి, 2015 నుంచీ. పదేళ్లలో 52 కోట్ల రుణాలు, 32 లక్షల కోట్ల పైచిలుకు ఇచ్చామని, లబ్ధిదారుల్లో 68 శాతం మహిళలేనని కేంద్రం లెక్క. భాగహారం చేసి చూడండి. రుణానికి అరవై వేల చిల్లర. మా మలుపులో షట్టర్‌కి అడ్వాన్సే రాదు దాంతో. మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుంది? గాజులు, నానుతాడు.

ఆ కర్రీ పాయింట్ ఇల్లాలు సాయంత్రం ఏడయ్యేసరికి పప్పు, సాంబారు, గోంగూర కవర్లలో పోసి, కాస్త గాలి పట్టి, రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు తిప్పి బేసిన్‌లో నిలబెట్టేది. ఇంటికి తెచ్చేలోపు చుక్క కారేది కాదు. ఉగాదికి మెడలో గొలుసుండేది. శ్రావణమాసం పేరంటాల నాటికి పసుపుతాడే మిగిలింది. నిన్న సామాను సర్దుతుంటే వెళ్లి పలకరించాను. "కూరలు బాగానే పోయేవి బాబాయిగారూ, బాకీలే వసూలు కాలేదు" అంది.

బాకీ పడ్డది ఓ ఆఫీసు. రోజుకి నలభై భోజనాలు తెప్పించుకుని నాలుగు నెలల బిల్లు ఆపింది. ఈ సంగతి ఇదే శీర్షికలో ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు, మళ్లీ రాస్తున్నాను. రిజిస్టరైన చిన్న సంస్థకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడింతల చొప్పున చక్రవడ్డీ. చట్టం బ్రహ్మాండం. ఫిర్యాదు పెడితే రేపు ఆర్డరు ఎవరిస్తారు? సర్కారు మాత్రం ఏం తక్కువ తిన్నది! బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అక్కలు కిరాణా కొట్లో అరువు తెచ్చి పిల్లలకి పెడుతుంటే, బిల్లులు నెలల తరబడి పైలోకంలో తిరుగుతుంటాయి. కొట్టువాడు ఆగడు. గుడ్ల లారీ ఆగదు. వాళ్ల మెడల్లోవీ ఎక్కడికి పోయాయో అడిగిన నాయకుడు లేడు.

పేపర్లో లోపలి పేజీని ఒక్కోసారి పూర్తిగా మింగేసే బంగారం వేలం ప్రకటనలు చూసే ఉంటారు. చీమ తలకాయంత అక్షరాలు. బ్రాంచి పేరు, దాని కింద బారులుగా అంకెలు. ఈసారి కనిపిస్తే పేజీ తిప్పేముందు ఒక్క నిమిషం ఆగండి. మనుషుల పేర్లుండవు, లోను నంబర్లే.