పాలపండ్లే గదా!

మా కాశిబుగ్గ పేరులో ఉన్న బుగ్గ అంటే నీటి ఊట. నేను రాయబోయేది మాత్రం మామూలు బుగ్గ గురించే, ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని లోపలి దవడ గురించి. హైదరాబాద్‌లో కోడ్ కొట్టుకుని బతికేవాడికి పళ్ళ గోల ఎందుకయ్యా అంటారేమో. మా ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. ఒకరికి అక్కర్లేని వైద్యం అంటగట్టబోయారు, ఇంకొకరికి కావలసిన వైద్యం అందలేదు. ఈ రెండో దాంట్లో నా వాటా కూడా ఉంది, అందుకే ఈ ఆవేశం.

ముందు మా పాప సంగతి. దానికి ఎనిమిదేళ్ళప్పుడు పైన ముందరి రెండు పళ్ళ మధ్య పెన్సిల్ పట్టేంత సందు ఉండేది. మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో అద్దాల క్లినిక్ ఒకటుంది (పేరొద్దు లెండి), అక్కడికి తీసుకెళ్ళాం. పావుగంటలో నోరంతా స్కాన్ చేశారు, పెద్ద తెర మీద రంగుల్లో తిప్పి చూపించారు. ఇప్పుడు ఫేజ్ వన్, పన్నెండేళ్ళకి ఫేజ్ టూ అన్నారు. అంతా కలిపి లక్షా ఇరవై వేలు, వడ్డీ లేని ఈఎంఐ. "ఇప్పుడు చెయ్యకపోతే తర్వాత చాలా కాంప్లికేట్ అవుతుంది సార్" అని ఒక మాట వదిలారు. అంతే, మా ఆవిడకి ఆ రాత్రి నిద్ర లేదు. రిలీజ్ ముందు రోజు క్లయింటుకి మేం వదిలే మాట కూడా సరిగ్గా ఇలాంటిదే కాబట్టి నాకు కొంచెం అనుమానం వచ్చింది :)

ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈయన ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినాయన, మాటలు తక్కువ. ఎక్స్‌రే చూసి నవ్వాడు. పైనుంచి కోరపళ్ళు దిగుతూ ముందరి పళ్ళ వేళ్ళని నొక్కుతుంటే ఆ వయసులో సందు రావడం మామూలేనట. దీనికి పుస్తకాల్లో "అగ్లీ డక్లింగ్ స్టేజ్" అని పేరు కూడా ఉంది. బ్రాడ్‌బెంట్ అనే ఆయన 1930ల్లోనే దీన్ని వర్ణించాడు. కోరపళ్ళు పూర్తిగా దిగాక చాలామందిలో సందు దానంతటదే మూసుకుంటుంది. ఫీజు అయిదొందలు, మందు ఏమీ లేదు. ఇప్పుడు పాపకి పన్నెండు. సందు లేదు.

ఎత్తుపళ్ళ విషయంలోనూ కథ ఇంతే. ఏడెనిమిదేళ్ళకి ఒకసారి, పన్నెండుకి ఇంకోసారి రెండు విడతలుగా చెయ్యడం మంచిదా, పన్నెండుకి ఒకేసారి చేస్తే సరిపోతుందా అని అమెరికాలో, బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి పిల్లల్ని రెండు గుంపులుగా చేసి చూశారు. ఆ పరిశోధనలన్నిటినీ కోక్రేన్ వాళ్ళు 2013లో ఒకసారి, 2018లో మరోసారి జల్లెడ పట్టారు. తేలిందేంటంటే, ముందుగా మొదలుపెట్టిన పిల్లల్లో ముందరి పళ్ళకి దెబ్బలు తగలడం తగ్గింది. అంతకుమించి చివరికి పెద్ద తేడా ఏమీ లేదు. రోజూ పడి మూతి పగలగొట్టుకునే పిల్లాడైతే ఆ ఒక్క లాభమూ చిన్నది కాదు, ఒప్పుకుంటా. కానీ క్లినిక్‌లో మనకి అమ్మేది దాన్ని కాదు కదా, భయాన్ని.

ఇక్కడిదాకా చదివి "భలే చెప్పావు, పళ్ళ డాక్టర్లంతా దొంగలే" అని చప్పట్లు కొట్టబోతున్నవాళ్ళు కాస్త ఆగండి. అసలు గొడవ ఇప్పుడే మొదలవుతుంది.

పాపని చూసిన ఆ రెండో డాక్టరు నా మొహంకేసి అదోలా చూసి, "మీ ఇంట్లో ఇంకెవరికైనా కింది దవడ ఇలా ముందుకుందా?" అని అడిగాడు. నాది కొంచెం ముందుకొచ్చిన గడ్డమే. బళ్ళో నన్ను గడ్డపార అని పిలిచేవాళ్ళు. చప్పున మా అక్క కొడుకు గుర్తొచ్చాడు.

వాడు కాశిబుగ్గలో మా అమ్మ చేతిలో పెరిగాడు. ఆరేళ్ళప్పటి నుంచే కింది పళ్ళు పై పళ్ళకి ముందు కూర్చునేవి. సద్దుల బతుకమ్మకి నేను ఇంటికెళ్ళిన ప్రతిసారీ అమ్మ వాడి గడ్డం పట్టుకుని "అచ్చం మేనమామ పోలికే, జాతకం మంచిగున్నది పోరనిది" అని మురిసిపోయేది. నేనూ మురిసిపోయేవాణ్ణి! అక్క మాత్రం ఒకసారి దవాఖానకి చూపిద్దామా అంది. అప్పుడు మా బావ అన్న మాటే ఈ టపా పేరు: "పాలపండ్లే గదా, ఊడిపోతయ్."

పళ్ళు ఊడిపోతాయి, దవడ ఊడిపోదు కదండీ. పై దవడ ఎముకల అతుకులు చిన్నతనంలో మెత్తగా ఉంటాయి, పదేళ్ళు దాటే కొద్దీ బిగుసుకుంటాయి. పై దవడ వెనకబడి ఇలా అయిన పిల్లలకి ఆలోపే ఫేస్ మాస్క్ అనే పరికరం పెడతారు. నుదుటికీ గడ్డానికీ ఆనించి, రబ్బరు బ్యాండ్లతో పై దవడని ముందుకి లాగుతారు. బ్రిటన్‌లో పదేళ్ళ లోపు పిల్లల మీద దీన్ని పరీక్షించి, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ చూశారు (2016లో వచ్చింది). మాస్క్ పెట్టిన వాళ్ళలో 36 శాతానికి దవడ ఆపరేషన్ అవసరం అనిపించింది, పెట్టని వాళ్ళలో 66 శాతానికి. గ్యారంటీ వైద్యం అని నేను అనడం లేదు, అవకాశం సగానికి సగం మారుతుందంటున్నా. మా వాణ్ణి నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పటికి వాడికి పన్నెండు దాటింది. "మూడు నాలుగేళ్ళు ముందు తెచ్చి ఉంటే ప్రయత్నించేవాళ్ళం" అన్నాడాయన. ఇక ఎదుగుదల ఆగేదాకా చూడాలి, తర్వాత ఆపరేషన్ సంగతి. ఇప్పుడు వాడికి పదహారు. కరోనా పోయాక అందరూ మాస్కులు తీసేశారు, వాడు ఇంకో రెండేళ్ళు తియ్యలేదు. ఎందుకో ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇదీ నా కడుపుమంట. పళ్ళ సందు చూసి లక్షలు సిద్ధం చేసుకున్న నేనే, ఏడాదికోసారి కళ్ళముందు కనిపిస్తున్న దవడని పోలిక అనుకుని వదిలేశాను.

అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడేళ్ళకి ఒకసారి చూపించమంటుంది. చూపించమనే, క్లిప్పులు వేయించమని కాదు. కోడ్ రివ్యూకీ రీరైట్‌కీ ఉన్నంత తేడా ఉంది రెండిటికీ. కానీ మన దగ్గర ఊళ్ళో రివ్యూనే లేదు, సిటీలో రివ్యూకి వెళితే రీరైట్ ఎస్టిమేట్ చేతిలో పెడతారు. ఆ వయసులో చూడాల్సినవి నిజానికి కొన్నే. కింది పళ్ళు పైవాటికి ముందు పడుతున్నాయా, నోరు మూసేటప్పుడు దవడ ఒక పక్కకి జరుగుతోందా, వేలు చీకడం ఇంకా మానలేదా, పాలపన్ను టైముకి ముందే పోయిందా అని. చివరిది జరిగితే వెనక పన్ను ముందుకి జరిగి, కొత్త పన్నుకి చోటు లేకుండా చేస్తుంది. చిన్న స్పేస్ మెయింటెయినర్‌తో పోయే పని అది. ఇంకోటి, ఆరేళ్ళకి అన్నిటికన్నా వెనక ఒక పెద్ద పన్ను వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు కాబట్టి దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. నాది అలాగే పుచ్చిపోయి, మళ్ళీ వస్తుందిలే అని తొమ్మిదో ఏట పీకించారు. రాలేదు.

ప్రభుత్వం సంగతికొస్తే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సర్కారు బళ్ళలో పిల్లల్ని పరీక్షిస్తారు. ఆ జాబితాలోని 30 సమస్యల్లో పుచ్చుపళ్ళున్నాయి, గ్రహణం మొర్రి ఉంది, దవడ కలవకపోవడం లేదు. మావాడు చదివింది ప్రైవేటు బడి, అక్కడికి ఆ బృందం కూడా రాదు. ఇంగ్లండ్‌లో 1989లోనే ఎవరికి నిజంగా అవసరమో తేల్చే అయిదు గ్రేడ్ల కొలబద్ద తయారైంది. నాలుగు, అయిదు గ్రేడ్లలో ఉన్న 18 లోపు పిల్లలకి ఎన్‌హెచ్‌ఎస్‌లో వైద్యం ఉచితం. మన దగ్గర కొలబద్ద నాన్న జీతం. మన కంపెనీల ఇన్సూరెన్సులేమో పన్ను మాటెత్తితే మామూలుగా మొహం తిప్పేసుకుంటాయి. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, అందులో ఆర్థోడాంటిక్స్ విభాగమూ ఉంది. ఆ సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు.

పోయిన దసరాకి కాశిబుగ్గలో మా వాకిట్లో ఆడుకుంటున్న పిల్లల్ని వరసగా నిలబెట్టి, పళ్ళు బిగబట్టి చూపించమన్నా. "గిదేం పిచ్చిరా, పండుగ పూట" అని అమ్మ కసిరింది. వాళ్ళలో ఒక ఏడేళ్ళ పిల్లకి కింది పళ్ళు ముందుకి పడుతున్నాయి. వాళ్ళ నాన్నని పిలిచి చెప్పా. ఆయన పిల్ల నోట్లోకి ఒకసారి తొంగి చూసి, "పాలపండ్లే గద అన్నా" అన్నాడు.

శనివారం నా కారులోనే పోదాం, నువ్వూ రా అన్నా.